కుట్టు పడకముందే చూడవలసినవి: అంగిలి చీలిక ఆపరేషన్లలో చిక్కులు, వాటి మూలాలు

ఈ సభకు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు కూడా అర్థం కావాలని వైద్య పరిభాషను వీలైనంత తగ్గించి మాట్లాడతాను.

ఈ ఉపన్యాస నిధిని నెలకొల్పింది మా మాస్టారి కుటుంబం. ఆయన ఆపరేషన్ చేయగా చూసినవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. బిడ్డకు మత్తిచ్చి, నోరు తెరిచి ఉంచే గ్యాగ్ అమర్చిన తర్వాత మామూలుగా సర్జన్ కత్తి అడుగుతాడు. మాస్టారు ముందు డివైడర్ అడిగేవారు. గట్టి అంగిలి, మెత్తని అంగిలి కలిసేచోట చీలిక ఎంత వెడల్పుందో కొలిచేవారు. దానికి కుడివైపు మిగిలిన పలక ఎంత, ఎడమవైపు పలక ఎంత అన్నది తర్వాత కొలిచేవారు. ఆయన అంకెలు పైకి చదువుతుంటే సిస్టర్ పొడుగాటి రిజిస్టర్లో ఎక్కించేది. అదే వరుసలో బిడ్డ వయసు, బరువు, హీమోగ్లోబిన్, గుండె జబ్బుందా, కింది దవడ చిన్నదిగా ఉందా అన్న వివరాలు ఉండేవి. చివరి గడి ఖాళీగా వదిలేవారు. ఆరు నెలలకు బిడ్డ మళ్ళీ వచ్చినప్పుడు అందులో రాసేవారు: మూసుకుంది, చిల్లు ఉంది, మాట ముక్కులోంచి వస్తోంది. గడి ఖాళీగా ఉండిపోతే ఆ ఇంటికి కార్డు రాయించేవారు.

ఆ వరుసలో మొదటి గడులకూ చివరి గడికీ ఉన్న సంబంధమే ఈనాటి నా విషయం. అంగిలి కుట్టిన తర్వాత కొందరు పిల్లలకు చిక్కులు ఎందుకొస్తాయి? ముందే తెలుసుకోగలిగినవి ఏవి? తెలిశాక ఎవరు ఏం చేయాలి?

అంగిలి చేసే పని

గర్భం ఆరో వారానికీ పన్నెండో వారానికీ మధ్య, పిండం నోటిలో రెండు పక్కల నుంచి పెరిగిన పలకలు నాలుకకు పైగా అడ్డంగా తిరిగి, నడుమ కలిసి అతుక్కుంటాయి. అవి కలవకపోతే అంగిలి చీలిపోయి ఉంటుంది. పెదవి, అంగిలి చీలికలను కలిపి లెక్కిస్తే ప్రపంచంలో సుమారు 700 జననాలకు ఒకటి చొప్పున కనిపిస్తాయి. వంశపారంపర్య లక్షణాలు, గర్భం తొలి వారాల్లో వాడిన కొన్ని మూర్ఛ మందులు, పొగాకు, తల్లికి అదుపులో లేని మధుమేహం వంటి కారణాలు కొన్ని తెలుసు. చాలామంది పిల్లల్లో ఫలానా కారణమని వేలు పెట్టి చూపలేం. తల్లి గ్రహణం నాడు బయటికి రావడం మాత్రం ఏ లెక్కన చూసినా కారణం కాదు. మన ఊళ్ళలో ఇప్పటికీ దీన్ని గ్రహణం మొర్రి అంటున్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తోంది.

అంగిలిని మూయడమంటే నోటికీ ముక్కుకూ మధ్య అడ్డు కట్టడం ఒక్కటే అనుకుంటే సగం పనే తెలిసినట్టు. మెత్తని అంగిలిలో లెవేటర్ అనే కండరం ఒకటుంది. మామూలు బిడ్డలో అది రెండు వైపుల నుంచీ వచ్చి నడుమ కలిసి, ఉయ్యాల తాడులా అడ్డంగా ఉంటుంది. మనం మాట్లాడేటప్పుడు అంగిలిని పైకీ వెనక్కీ లేపి గొంతు వెనక గోడకు ఆనిస్తుంది. అప్పుడు గాలి ముక్కులోకి పోకుండా నోటిలోనే నిలుస్తుంది. చీలిక ఉన్న బిడ్డలో ఆ కండరం దారి తప్పి, చీలిక అంచుల వెంట ముందుకు పోయి గట్టి అంగిలి చివర ఎముకకు అతుక్కుని ఉంటుంది. 1969లో జర్మనీ సర్జన్ ఒట్టో క్రీన్స్ ఈ సంగతిని వివరించి, కండరాన్ని అక్కణ్ణుంచి విడదీసి అడ్డంగా తిప్పి కుట్టాలని చెప్పాడు. కండరాన్ని సరిచేయడం ఆనాటి నుంచి మాట కోసం చేసే ఆపరేషన్‌లో ముఖ్య భాగమైంది.

మన భాషలో దీన్ని పరీక్షించడం తేలిక. చీలిక ఉన్న పిల్లలు ‘అమ్మ’ అంటారు, ‘నాన్న’ అంటారు, ‘మామ’ అంటారు. మకార నకారాలకు గాలి ముక్కులోంచే పోవాలి గనుక వాటికి ఇబ్బంది లేదు. ‘పాప’, ‘తాత’, ‘కాకి’, ‘బాబు’ అనమంటే తెలుస్తుంది. ప, త, క, బ పలకాలంటే గాలిని నోటిలో బంధించి ఒక్కసారిగా వదలాలి. బంధించే తలుపు లేదు కాబట్టి ‘పాప’ ‘మామ’కు దగ్గరగా వినిపిస్తుంది. ముక్కు కింద చిన్న అద్దం పట్టుకుని ‘పాప’ అనిపిస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. ఆపరేషన్ ఫలించిందా లేదా అన్నది ఆ అద్దం మీద తేలుతుంది. పెదవి కుట్టిన బిడ్డ ఫొటో ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టి చూపవచ్చు. అంగిలికి అలాంటి ఫొటో లేదు. అందుకే దాని చిక్కులు బయటివాళ్ళకు కనిపించవు, లెక్కల్లోకి ఎక్కవు.

చిక్కులు ఏవి

మొదటి రెండు రోజుల్లో భయపెట్టేవి రెండు: ఊపిరి ఆడకపోవడం, రక్తస్రావం. మొదటి వారం, పది రోజుల్లో కుట్లు విడిపోవడం, పుండు చెడడం కనిపిస్తాయి. నెలల మీద తెలిసేది ఫిస్టులా. అంటే కుట్టిన గీత వెంట ఎక్కడో చిల్లు మిగిలిపోవడం. పాలు తాగితే ముక్కులోంచి వస్తాయి, అన్నం మెతుకు ఇరుక్కుంటుంది. ఏళ్ళ మీద తెలిసేది అంగిలి గొంతు గోడను అందుకోలేకపోవడం. ఫిస్టులా లేకున్నా మాట ముక్కులోంచే వస్తుంది. ఇంకా పెద్దయ్యాక పై దవడ ఎదుగుదల తగ్గి మధ్య ముఖం లోపలికి పోయినట్టు కనిపించవచ్చు. శ్రీలంకలో ఆపరేషన్ లేకుండానే పెరిగి పెద్దయిన వాళ్ళను మైకేల్ మార్స్ బృందం పరిశీలించినప్పుడు వాళ్ళ పై దవడ చాలావరకు మామూలుగానే పెరిగిందని తేలింది. అంటే ఆ లోటులో మన కత్తి గాట్లకు, మిగిల్చిన మచ్చకు పెద్ద వాటా ఉందన్నమాట. పక్క గాట్లు పెట్టి ఎముకను ఎంత ఎక్కువ మేర బయట పెడితే మచ్చ అంత బిగుసుకుంటుంది.

వీటిలో ఫిస్టులా గురించి ఎక్కువ అధ్యయనాలు జరిగాయి. అనేక దేశాల నివేదికలను కూడగట్టి చూసిన సమీక్షల్లో 2014 నాటి దానిలో 8.6 శాతం, 2015 నాటి దానిలో 4.9 శాతం పిల్లలకు ఫిస్టులా వచ్చినట్టు తేలింది. విడివిడి ఆసుపత్రుల లెక్కలు చూస్తే తేడా ఇంకా చాలా ఎక్కువ. ఎవరు ఎంతకాలం బిడ్డను మళ్ళీ చూశారు, ఎంత చిల్లును చిల్లు అన్నారు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. అందుకే 2007లో పిట్స్‌బర్గ్ వైద్యులు కొండనాలుక మొదలుకుని పై పెదవి వెనక చిగురు దాకా ఫిస్టులా వచ్చే చోట్లను ఏడు రకాలుగా విభజించారు. చోటు పేరు ఒకటయితేనే ఒకరి ఫలితాన్ని మరొకరి ఫలితంతో పోల్చవచ్చు. గట్టి అంగిలి మెత్తని అంగిలితో కలిసేచోట, ముందు పళ్ళ వెనక, ఈ రెండుచోట్లే ఎక్కువగా పడుతుంది. ఒకసారి చిల్లు పడితే రెండోసారి కుట్టడం మొదటిదానికన్నా కష్టం. మచ్చ పడిన పొర సాగదు, దానికి రక్తం సరిగా అందదు. కొందరికి నాలుక నుంచో, చెంప నుంచో కండ తెచ్చి మూయవలసి వస్తుంది.

బిడ్డతో వచ్చే ప్రమాదాలు

మొదటిది వెడల్పు. చాలని గుడ్డను లాగి రెండంచులూ కలిపి కుడితే కుట్టు దగ్గరే చినుగుతుంది. అంగిలి పొర విషయంలోనూ జరిగేది అదే. బిగువు ఎక్కువైతే కుట్టు దగ్గర రక్తం ఆడదు, అంచు నల్లబడుతుంది, కుట్టు కోసుకుపోతుంది. చండీగఢ్ పీజీఐ వైద్యులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో చీలిక వెడల్పు 15 మిల్లీమీటర్లు, అంతకుమించి ఉన్న పిల్లల్లో ఫిస్టులాలు స్పష్టంగా ఎక్కువయ్యాయి. వాళ్ళు ఇంకో లెక్క కూడా చూశారు. చీలిక వెడల్పును రెండు పక్కల పలకల మొత్తం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె 0.48 దాటితే ప్రమాదం పెరిగింది. ఎంత ఖాళీ ఉందన్నదానితో పాటు, దాన్ని కప్పడానికి ఎంత సరుకు మిగిలిందన్నదీ చూడాలి. మాస్టారు మూడు కొలతలు తీసుకోవడం వెనకున్న ఆలోచన ఇదే.

రెండోది చీలిక రకం. ఫ్రెంచి సర్జన్ విక్టర్ వో 1931లో అంగిలి చీలికలను నాలుగు తరగతులు చేశాడు. మెత్తని అంగిలికే పరిమితమైనది మొదటిది. రెండు వైపులా పెదవి, చిగురుతో సహా పూర్తిగా చీలినది నాలుగోది. తరగతి పెరిగేకొద్దీ చిక్కులు పెరుగుతాయని పలు అధ్యయనాలు చెప్పాయి. నాలుగో తరగతి బిడ్డకు, మొదటి తరగతి బిడ్డకు ఒకే ఫలితం ఆశిస్తే, తల్లికి ఒకే మాట చెబితే, అది న్యాయం కాదు.

మూడోది చీలికతో కలిసి వచ్చే ఇతర లోపాలు. వీటిలో పియెర్ రోబాన్ సీక్వెన్స్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1923లో దాన్ని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడి పేరే దానికి పెట్టారు. కింది దవడ చిన్నది, నాలుక వెనక్కి జారుతుంది, శ్వాస దారి ఇరుకు. ఈ పిల్లలు అప్పటిదాకా చీలిక గుండా కూడా ఊపిరి తీసుకుంటూ ఉంటారు. మనం దాన్ని మూసేస్తాం, పైగా ఆపరేషన్ వాపు తోడవుతుంది. ఆ రాత్రి వాళ్ళకు గండం. నిద్రలో గురక, ఊపిరి ఆగి ఆగి రావడం ఉందేమో ముందే అడగాలి, అవసరమైతే నిద్ర పరీక్ష చేయించాలి, ఆపరేషన్ కొన్ని నెలలు వాయిదా వేయాలి, చేసిన రాత్రి ఐసీయూలో ఉంచాలి.

ఇంకొకటి 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించడం. వీళ్ళలో గుండె లోపాలుంటాయి, రక్తంలో కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు, అంగిలి చక్కగా మూసుకున్నా మాట ముక్కులోంచే రావచ్చు. తర్వాత మాట కోసం గొంతు వెనక ఆపరేషన్ చేయబోతే, మెడలోని పెద్ద ధమని ఉండవలసిన చోట ఉండక నడుమకు వచ్చి ఉండవచ్చు. ముందుగా స్కాన్ చూడని సర్జన్ కత్తి దాని మీదే పడవచ్చు.

ఈ మూడూ మనం మార్చలేనివి. కానీ వీటిని చూసి మనం మారగలం. వెడల్పు చీలికకు పెదవి కుట్టే రోజే ముక్కు మధ్య గోడ పొరను మళ్ళించి గట్టి అంగిలి ముందు భాగాన్ని మూస్తే, మిగిలిన చీలిక కొన్ని నెలల్లో సన్నబడుతుంది. చెంప లోపలి కొవ్వునో, కండనో తెచ్చి బిగువు తగ్గించవచ్చు. అవేవీ తన చేతిలో లేవనుకున్న సర్జన్ బిడ్డను వాటిలో అనుభవం ఉన్న చోటికి పంపాలి.

బరువు, నెత్తురు, జలుబు

చీలిక ఉన్న బిడ్డ పాలు పీల్చలేదు. ముక్కులోంచి గాలి రాకుండా నోరు మూసుకుంటేనే పీల్చడం సాధ్యం. పాలు లేక కాదు, ఆకలి లేక కాదు, పట్టు దొరకక బిడ్డ ఎండిపోతుంది. మొదటి నెల దాటేసరికి పుట్టినప్పటి బరువు కూడా లేని పిల్లలు వస్తారు.

దీనికి మన ఇళ్ళలోనే ఉన్న వస్తువు ఉగ్గుగిన్నె. తల్లి పాలు పిండి అందులో పోసుకోవాలి. బిడ్డను పడుకోబెట్టకుండా, తల, వీపు చేతి మీద ఆన్చి దాదాపు కూర్చున్నట్టు పట్టుకోవాలి. గిన్నె ముక్కును పెదవి మూల నుంచి చెంప లోపలికి పెట్టి, కొంచెం వంచి ఆగాలి. బిడ్డ మింగిందని గొంతు కదలిక చూశాక మళ్ళీ వంచాలి. తొందరపడి ధారగా పోయకూడదు. మధ్యమధ్య భుజాన వేసుకుని తేన్పు రప్పించాలి, వీళ్ళు గాలి ఎక్కువ మింగుతారు. అరగంట దాటినా పాలు పూర్తికాకపోతే బిడ్డ తాగడానికి పడే శ్రమలోనే బలం ఖర్చయిపోతుంది, పద్ధతి మార్చాలి. ఇదంతా ప్రసవమైన వార్డులోనే, మొదటి రోజే, ఒక సిస్టర్ చేసి చూపిస్తే అరగంటలో వచ్చే విద్య. ఈ అరగంట దొరకని బిడ్డ ఏడాది తర్వాత ఆపరేషన్ బల్ల మీదికి తక్కువ బరువుతో, తక్కువ నెత్తురుతో వస్తుంది. పోషణ చాలని కణజాలం మానడం నెమ్మది. అలాంటి బిడ్డ కొద్దిపాటి రక్తస్రావానికీ తట్టుకోలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో దేశం మొత్తం మీద 67 శాతానికి, తెలంగాణలో 70 శాతానికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతానికి రక్తహీనత ఉంది. మామూలుగా పాలు తాగగలిగిన పిల్లల్నీ కలుపుకున్న లెక్క ఇది. అంగిలి చీలిన పిల్లల్లో ఇంకెలా ఉంటుందో ఊహించవచ్చు. పెదవి ఆపరేషన్‌కు పది వారాల వయసు, పది పౌన్ల బరువు, పది గ్రాముల హీమోగ్లోబిన్ ఉండాలన్న సూత్రం 1960ల నుంచి సర్జన్లకు కంఠస్థం. అంగిలికి అంతకుమించిన జాగ్రత్త కావాలి. ఐరన్ చుక్కలు, నులిపురుగుల మందు, అన్నం, పప్పు, గుడ్డు, నెయ్యి ఇవి కుట్టుకు ముందు పడే కుట్లు. హీమోగ్లోబిన్ తక్కువున్న బిడ్డను వెనక్కి పంపేటప్పుడు ‘బలం వచ్చాక తీసుకురండి’ అని ఊరుకుంటే ఆ బిడ్డ తిరిగి రాదు. ఏం పెట్టాలి, ఎవరు తూస్తారు, ఏ తారీకున రావాలి అన్నవి చీటీ మీద రాసి ఇవ్వాలి.

ఇక జలుబు, దగ్గు. ఈ పిల్లలకు ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. అంగిలి కండరాలు చెవి గొట్టాన్ని తెరవలేవు గనుక దాదాపు అందరికీ చెవిలో నీరు చేరుతుంది. అందువల్ల ఏది నిత్యం ఉండే చీమిడి, ఏది కొత్తగా వచ్చిన జబ్బు అన్నది తేల్చుకోవాలి. జ్వరం, పచ్చటి చీమిడి, ఛాతీలో గురగురలు ఉంటే రెండు నుంచి నాలుగు వారాలు ఆగవలసిందే. నూరు కిలోమీటర్ల నుంచి బస్సులో వచ్చిన కుటుంబాన్ని వెనక్కి పంపడం కష్టం. మత్తులో శ్వాసనాళం బిగుసుకుపోవడం అంతకన్నా కష్టం.

మన చేతుల్లో పుట్టే ప్రమాదాలు

మత్తు విషయంలో ఒక చరిత్ర చెబుతాను. 1930ల్లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఫిలిప్ ఎయర్ అనే మత్తు వైద్యుడు ఉండేవాడు. ఆయన కూడా పెదవి, అంగిలి చీలికతోనే పుట్టాడు. ఆనాటి మత్తు యంత్రాల కవాటాలకు ఎదురుగా ఊపిరి తీయలేక చీలిక పిల్లలు బల్ల మీదే నీరసించిపోయేవారు. ఎయర్ కవాటాలన్నీ తీసేసి, ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో ఒక చిన్న గొట్టం 1937లో ప్రవేశపెట్టాడు. పిల్లల మత్తు వైద్యం దానితో మారిపోయింది. బిడ్డ నీరసంగా ఉందని సరిపెట్టుకోకుండా, బిడ్డను నీరసపరుస్తున్నది మన పరికరమేనని గుర్తించడం ఆయన గొప్పతనం.

ఆ చూపుతో మన థియేటర్ను చూద్దాం. గ్యాగ్ నాలుకను నొక్కి పట్టుకుంటుంది. గంటల తరబడి వదలకపోతే నాలుక ఉబ్బి, గొట్టం తీసిన తర్వాత శ్వాస దారిని మూసేస్తుంది. మధ్యమధ్య దాన్ని సడలించాలి. రక్తం గొంతులోకి పోకుండా పెట్టిన గాజ్ గుడ్డను, అంటే ప్యాక్‌ను, తీయడం మరిచిపోతే బిడ్డ ప్రాణం పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టు ప్రకారం పైకి చదివి లెక్క చూసుకోవాలి. సర్జన్ ఎంత పెద్దవాడైనా సిస్టర్ ‘గొంతులో ప్యాక్ తీశారా సార్’ అని అడగాలి, ఆయన జవాబు చెప్పాలి. అడగడానికి జంకే థియేటర్ ప్రమాదకరమైన థియేటర్.

కత్తి దగ్గరికి వస్తే, గట్టి అంగిలి పొరకు రక్తం ఇచ్చేది గ్రేటర్ పాలటైన్ ధమని. చివరి పన్నుకు లోపలగా ఎముకలో ఉన్న చిన్న రంధ్రంలోంచి బయటికి వచ్చి, పొరలో ముందుకు నడుస్తుంది. పొరను లేపేటప్పుడు ఆ కాడను చూసి, కాపాడి, దాని చుట్టూ బిగువు సడలిస్తే పొర నడుమకు చేరుతుంది. దాన్ని చూడకుండా లాగితే తెగుతుంది, తెగితే పొర మొత్తం చచ్చిపోయే ముప్పుంది. ముక్కు వైపు పొర, కండరం, నోటి వైపు పొర, ఈ మూడూ విడివిడిగా, బిగువు లేకుండా మూసుకోవాలి. ముక్కు వైపు పొరలో మూయకుండా వదిలిన చోటే తరచు ఫిస్టులాగా బయటపడుతుంది.

ఇవి చేసి చేసి రావలసిన నేర్పు. లండన్‌లో బ్రయాన్ సోమర్లాడ్ మైక్రోస్కోపు కింద కండరాన్ని విడదీసి వెనక్కి తిప్పడం మొదలుపెట్టి, తన ఫలితాలను తానే ఏళ్ళ తరబడి లెక్క కట్టి 2003లో ప్రచురించాడు. మాట కోసం రెండో ఆపరేషన్ అవసరమైన పిల్లల శాతం తొలి ఐదేళ్ళలో 10.2 ఉంటే తర్వాత 4.6కు తగ్గింది. ఏళ్ళ మీద మారింది చెయ్యి. బ్రిటన్‌లో 1998లో ఒక నిపుణుల నివేదిక దేశంలో 57 చోట్ల జరుగుతున్న చీలిక చికిత్సను 8 నుంచి 15 కేంద్రాలకు పరిమితం చేయమంది. చికిత్స ఇలా చెల్లాచెదురుగా, ఏడాదికి కొద్దిమందికి చొప్పున జరగడం, ఫలితాలు బాగుండకపోవడం వాళ్ళ పరిశీలనలో తేలాయి. మన ప్రాంతంలోనూ ఎక్కడ చేస్తున్నామన్నది కూడా ఒక ప్రమాద కారకమే.

ఎప్పుడు చేయాలి, తర్వాత ఏం చేయాలి

వయసు గురించి 2023లో ఒక మంచి జవాబు వచ్చింది. యూరప్, దక్షిణ అమెరికాల్లోని 23 కేంద్రాల్లో, అంగిలి చీలిక మాత్రమే ఉండి, వేరే లోపాలు లేని 558 మంది పిల్లలను రెండు గుంపులు చేసి ఒక గుంపుకు ఆరో నెలలో, మరో గుంపుకు పన్నెండో నెలలో ఆపరేషన్ చేశారు. ఐదేళ్ళ వయసులో మాట పరీక్షిస్తే, అంగిలి గొంతు గోడను చాలినంతగా అందుకోని పిల్లలు మొదటి గుంపులో 8.9 శాతం, రెండో గుంపులో 15 శాతం. ఆపరేషన్ చిక్కులు రెండు గుంపుల్లోనూ తక్కువే. అయితే ఇది ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు, పసిపిల్లల మత్తులో ఆరితేరిన కేంద్రాలకు వర్తించే ఫలితం. మనం గ్రహించవలసింది ఏమిటంటే మాట నేర్చే వయసుకు ముందే అంగిలి సిద్ధం కావాలి. ఆరో నెలకు కాకపోయినా ఏడాది, ఏడాదిన్నర లోపు జరగాలి. మూడేళ్ళకో, బడిలో చేర్చేటప్పుడో వచ్చే బిడ్డ అప్పటికే తప్పు ఉచ్చారణకు అలవాటుపడి ఉంటుంది. అంగిలి ఎంత చక్కగా కుట్టినా ఆ అలవాటును స్పీచ్ థెరపీ మాత్రమే మాన్పగలదు.

ఆపరేషన్ తర్వాత మందుల విషయంలో మన దేశం నుంచే మంచి ఆధారం ఉంది. గువాహటిలోని చీలిక చికిత్సా కేంద్రంలో జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడిన పిల్లల్లో ఫిస్టులాలు 10.7 శాతం, ఉత్తుత్తి మందు వాడినవాళ్ళలో 17.1 శాతం. సంపన్న దేశాల వైద్యులు ఇది అవసరమా అని తర్కించుకునే చోట, మన పిల్లల పరిస్థితుల్లో మన దగ్గరే పరీక్షించి చూడటం ఎంత విలువైనదో ఇది చెబుతుంది.

మొదటి రాత్రి వేలికి ఆక్సిజన్ చూపే పరికరం, పక్కన మేలుకుని ఉన్న సిస్టర్, దగ్గర్లో సక్షన్ ఉండాలి. నిద్రమత్తు పెంచే నొప్పి మందులు తగ్గించి, అంగిలి నరాలకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ల మీద ఎక్కువ ఆధారపడితే ఊపిరికి మేలు. తర్వాత రెండు మూడు వారాలు పల్చటి, మెత్తటి ఆహారం, ప్రతిసారీ చివర మంచినీళ్ళు. చేతులు నోట్లో పెట్టుకోకుండా మోచేతులకు కట్లు కట్టడం చాలాచోట్ల ఆచారం. పోల్చి చూసిన అధ్యయనాల్లో వాటివల్ల ఫిస్టులాలు తగ్గినట్టు తేలలేదు.

నింద ఎవరిమీద

ఇంతసేపూ చెప్పినవాటిని ఒక చోట పెట్టి చూడండి. వెడల్పు, రకం, తోడుగా వచ్చిన లోపాలు. బరువు, నెత్తురు, జలుబు. ధమని, బిగువు, సర్జన్ అనుభవం, మత్తు బృందం. వయసు, మందు, మళ్ళీ చూడటం. ఈ జాబితాలో తల్లి చేసిన తప్పు ఎక్కడుంది? అయినా పదో రోజున కుట్టు విడిపోయి బిడ్డ వస్తే వార్డులో మొదట వినిపించే ప్రశ్న ‘ఏం పెట్టావమ్మా?’ అన్నదే. బిడ్డ పుట్టిన రోజు అత్తగారింట్లో ‘గ్రహణం నాడు బయటికెందుకు వచ్చావ్?’ అన్నారు. ఏడాది తర్వాత ఆసుపత్రిలో ఇంకో నింద. అప్పుడు ఆ ఇంటివాళ్ళకు తెలియక అన్నారనుకుందాం. తెలిసిన మనం అనడం క్షమించరానిది. ఒక బిస్కెట్ ముక్క మూడు పొరల కుట్టును విప్పలేదు. బిగువుతో కుట్టిన కుట్టు బిస్కెట్ లేకపోయినా విడిపోతుంది. నింద పడ్డ తల్లి మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కదు. ఆమె రాకపోతే చిల్లు మూసుకోదు, మాట బాగుపడదు, రిజిస్టర్లో చివరి గడి నిండదు. అంటే నింద కూడా ఒక ప్రమాద కారకమే.

ఇక మనం చేయగలిగిన పనులు. పుట్టిన ప్రతి బిడ్డ నోటిలోకి మొదటి రోజే టార్చి వేసి కొండనాలుక దాకా చూడాలి, శుభ్రమైన వేలితో అంగిలి తడమాలి. పెదవి బాగుండి అంగిలి మాత్రమే చీలిన పిల్లల్ని ఇప్పటికీ నెలల తరబడి గుర్తించలేకపోతున్నాం. ప్రసవ వార్డులో ఉగ్గుగిన్నెతో పట్టడం నేర్పాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పెదవి, అంగిలి చీలిక ఉంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు వెళ్తాయి. పేరు రాసుకుని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపడంతో ఆగక, ఆపరేషన్ తేదీ దాకా నెలనెలా బరువు, ఐరన్ చూసే బాధ్యత కూడా ఆ బృందాలకు ఇవ్వాలి. ఆపరేషన్ చేసే ప్రతి చోటా మాస్టారి రిజిస్టర్ వంటిది ఒకటి ఉండాలి. కొలతలతో మొదలై, ఆరు నెలల నాటి అంగిలితో, ఐదేళ్ళ నాటి మాటతో ముగియాలి. శిబిరం పెట్టి వంద ఆపరేషన్లు చేశామని చెప్పేవాళ్ళను ఆ వందలో ఎందరు ‘పాప’ అని స్పష్టంగా అంటున్నారని మనం అడగాలి, మనల్ని మనమూ అడుక్కోవాలి.

ఈ హాల్లో ఉన్న యువ వైద్యులకు నా మాట ఇది. ప్రమాద కారకాలను పరీక్ష కోసం చదివితే అవి జాబితాగా మిగులుతాయి. జరిగిపోయాక చెప్పుకుంటే సంజాయిషీ అవుతాయి. ఆపరేషన్‌కు ముందు ఒక్కొక్క బిడ్డ పేరు పక్కన రాసుకుంటే చేయవలసిన పనులవుతాయి. మాస్టారు వాటిని అలాగే రాసుకున్నారు. రేపు ఉదయం మీ జాబితాలో అంగిలి కేసు ఉంటే, ముందు డివైడర్ అడగండి, కొలిచింది రాయండి, ఆ బిడ్డ మళ్ళీ ఎప్పుడు రావాలో తల్లికి తారీకుతో సహా చెప్పండి. ఈ నిధి పెట్టిన కుటుంబానికి మనం చెల్లించగల కృతజ్ఞత అదే.